వరి, ఊద ఒకే రోజు మొలిస్తే

నాట్లు వేయడం సాగు పద్ధతి అని అందరికీ తెలుసు. అది కలుపును అణచే పద్ధతి కూడా అన్న సంగతి నాట్లు మానేశాకే చాలామందికి అర్థమవుతోంది. పాతిక రోజుల నారు తెచ్చి దమ్ము చేసిన మడిలో పెట్టేసరికి, అక్కడ మొలవబోయే ఊద అనే గడ్డి కలుపు కన్నా వరి పాతిక రోజులు పెద్దది. పైగా మడిలో నీళ్లు నిలిచి ఉంటాయి. ఊద, తుంగ గింజల్లో చాలావరకు ఆ నీటి కింద గాలి అందక మొలవవు. మొలిచిన కొన్ని అప్పటికే నిలదొక్కుకున్న వరి నీడలో పడిపోతాయి.

నాట్లు లేకుండా విత్తనాన్ని నేరుగా చేలో వేసే వెదజల్లే పద్ధతిలో ఈ రెండు లాభాలూ పోతాయి. మనం చల్లిన వరి గింజ, మట్టిలో ముందే ఉన్న కలుపు గింజ ఒకే తడికి, ఇంచుమించు ఒకే రోజు మొలుస్తాయి. లేత మొలక మునిగితే మురిగిపోతుంది కాబట్టి మొదట్లో నీళ్లు నిలబెట్టే వీలూ లేదు. నాటు కూలీ ఖర్చు మిగిలింది, దాంతోపాటే వరికి ఉన్న పాతిక రోజుల పెద్దరికం పోయింది. ఆ పెద్దరికాన్ని ఇప్పుడు మందు డబ్బాతో సంపాదించాలి. నాట్ల వరిలో వాడే మందే వెదజల్లిన చేలో ఎందుకు దెబ్బతీస్తుందో, పక్క చేలో పనిచేసిన మందు ఈ చేలో ఎందుకు పనిచేయదో తెలియాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఈ పద్ధతి ఇంతగా పాకడానికి కారణాలు ఊరూరా తెలిసినవే. నాట్ల రోజుల్లో కూలీలు దొరకరు, దొరికినా అందరికీ ఒకే వారంలో కావాలి. కోస్తా డెల్టాల్లో కాలువ నీరు ఆలస్యమైన ఏడాది నారుమడి పోసుకుని కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు. ఉత్తరాంధ్రలో తొలకరికి ఎదలు వేయడం, అంటే నేరుగా విత్తనం చల్లడం, పాత అలవాటే. 2021 వానాకాలంలో తెలంగాణ ప్రభుత్వం కూడా వెదజల్లమని గట్టిగా చెప్పింది. పంజాబ్ 2022లో ఎకరాకు 1,500 రూపాయలు ఇస్తామంది. అయినా అక్కడ 12 లక్షల హెక్టార్ల లక్ష్యానికి విస్తీర్ణం చాలా దూరంలోనే ఆగింది. ఒకసారి వేసి మళ్లీ నాట్లకు వెళ్లిపోయిన రైతులు చెప్పే కారణాల్లో కలుపు ముందు వరసలో ఉంటుంది.

నేరుగా విత్తడం అని ఒకే మాట అంటాం కానీ మందుల విషయంలో అవి రెండు వేర్వేరు సాగులు. ఒకటి పొడి దుక్కిలో గొర్రుతోనో, ట్రాక్టర్ సీడ్ డ్రిల్‌తోనో వేసేది, లేదా చల్లి గుంటక తోలేది. రెండోది దమ్ము చేసి, మండె కట్టిన, అంటే నానబెట్టి మూటగట్టి మొలకెత్తించిన విత్తనాన్ని బురదలో చల్లేది లేదా డ్రమ్ సీడర్‌తో లాగేది. మొదటిదానిలో గింజ మట్టి కింద ఉంటుంది, రెండోదానిలో పైనే ఉంటుంది. కలుపు మందుకు ఈ తేడా చాలా పెద్దది.

పొడి దుక్కిలో విత్తిన వెంటనే వాడే పెండిమిథాలిన్‌నే చూడండి. మొలకెత్తే వేరులో, మొలక కొనలో కణ విభజనను అది ఆపేస్తుంది. దానికి వరి అంటే ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. మందు నేల పైపొరలోనే పట్టుకుని ఉంటుంది, వరి గింజ రెండు మూడు సెంటీమీటర్ల కింద ఉంటుంది, సన్నటి కలుపు గింజలు మాత్రం ఆ పైపొరలోంచే మొలవాలి. వరి బతికేది ఈ లోతు తేడాతోనే. అందుకే పైపైన చల్లి, గింజ సరిగ్గా కప్పబడని చేలో ఇదే మందు కొడితే మొలక పలచబడుతుంది. విత్తనం మంచిది కాదని డీలర్‌తో గొడవ పెట్టుకునే ముందు, మట్టి మీద గింజలు బయటికి కనబడుతున్నాయేమో చూసుకోవాలి.

మోతాదు కూడా నేలను బట్టే. పెండిమిథాలిన్ 30 శాతం ఇసి (నీళ్లలో కలిపి కొట్టే నూనె ద్రావణం) మందులో లీటరుకు 300 గ్రాముల అసలు పదార్థం ఉంటుంది. హెక్టారుకు కిలో చొప్పున వేయాలంటే ఎకరాకు సుమారు 1.3 లీటర్లు అవుతుంది. ఇసుక పాళ్లు ఎక్కువున్న తేలిక నేలలో పై హద్దుకు పోతే వానకు మందు కిందికి దిగి గింజను తాకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం తేమ. విత్తిన రెండు మూడు రోజుల్లో, నేల పదునుగా ఉండగా, నీళ్లు నిలవకుండా కొట్టాలి. పెడ్డలు పెడ్డలుగా ఉన్న పొడి నేల మీద కొడితే మందు పొరగా పరుచుకోదు, ఎండకు కొంత ఆవిరైపోతుంది కూడా. అప్పుడు పోయేది డబ్బొక్కటే, కలుపు కాదు. తుంగ గడ్డల నుంచి లేచే తుంగకు, తీగల నుంచి పాకే గరికకు ఇది మొదటి నుంచీ మందు కాదు. గింజ నుంచి మొలిచేవాటి మీదే దీని ప్రతాపం.

దమ్ము చేసిన మడిలో కథ వేరు. ఇక్కడ గింజ పైనే ఉంది కాబట్టి లోతు కాపాడదు. నాట్ల వరిలో అలవాటైన ప్రెటిలాక్లోర్ 50 శాతం ఇసిని మొలక విత్తనం చల్లిన మడిలో వేస్తే ఊదతో పాటు వరి కూడా పోతుంది. దీనికోసమే అదే ప్రెటిలాక్లోర్‌లో ఫెన్‌క్లోరిమ్ అనే రక్షక పదార్థం కలిపి 30.7 శాతం ఇసిగా అమ్ముతారు. ఈ రక్షకం వరి మొలకలో మందును విరిచేసే ఎంజైమ్‌లను వేగంగా పని చేయిస్తుంది. అది వేరు ద్వారా లోపలికి వెళ్లాలి. కాబట్టి విత్తనానికి అప్పటికే వేరు వచ్చి ఉండాలి. మండె సరిగా కట్టని గింజకు ఆ రక్షణ అందదు. ఎకరాకు 600 నుంచి 800 మిల్లీలీటర్లు, చల్లిన మూడు నుంచి ఐదు రోజుల్లో, నీళ్లు తీసేసిన బురద పదునులో వేయాలి.

రెండు మందులకూ మూల పేరు ఒకటే, కొన్ని డబ్బాల వాణిజ్య నామాలు కూడా ఒకదానికొకటి దగ్గరగా వినబడతాయి. అంకెలో ఉంది తేడా అంతా. 50 అంటే నాట్లకు, 30.7 అంటే మొలక విత్తనానికి. షాపులో అడిగేటప్పుడు ‘ప్రెటిలాక్లోర్ ఇవ్వండి’ అంటే చాలదు, ‘వెదజల్లిన చేను’ అని చెప్పి డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చదువుకోవాలి. ఇంకో పాత అలవాటు మందును ఇసుకలో కలిపి చల్లడం. నాట్ల మడిలో పలుచగా నీళ్లుంటాయి, ఇసుకతో పడిన మందు ఆ నీటిలో సమంగా పాకుతుంది. నీళ్లు లేని బురద మీద ఇసుక చల్లితే పడినచోట మందు, పడనిచోట ఊద. ఇక్కడ పిచికారీయే దారి.

మొలకకు ముందు వేసే మందు ఎంత బాగా పనిచేసినా దాని కాలం రెండు మూడు వారాలే. తర్వాత లేచే రెండో దఫా కలుపును అందుకోవడానికి చేతిలో ఉండేది పదిరోజుల వ్యవధి. విత్తిన పదిహేను నుంచి పాతిక రోజుల లోపు, కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉండగా అది అయిపోవాలి. ఈ దశలో మనవాళ్లు ఎక్కువగా వాడేది బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం ఎస్‌సి (నీళ్లలో కలిపే చిక్కటి ద్రవం), ఎకరాకు 80 నుంచి 100 మిల్లీలీటర్లు. ఊద, గింజ తుంగలు, కొన్ని వెడల్పాకు మొక్కలు దీనికి లొంగుతాయి. ఆకు మీద పడితేనే పనిచేస్తుంది కనుక మడిలో నీళ్లు తీసి కలుపు ఆకులు పూర్తిగా బయటికి కనబడేలా చేయాలి. కొట్టిన తర్వాత ఆరేడు గంటలు వాన పడకూడదు. రెండు రోజులాగి పలుచగా నీళ్లు పెట్టి వారం పాటు ఆరకుండా చూడాలి. నేలలో ఈ మందుకు నిలవ శక్తి పెద్దగా లేదు. మూడో దఫా మొలకను ఆపే పని ఆ నీళ్లదే. చాలా చేలల్లో మందు సరిగ్గానే కొడతారు, తర్వాత నీరు పెట్టడం మరిచిపోతారు. పదిహేను రోజులకు మళ్లీ పచ్చబడిన చేను చూసి మందు నకిలీదంటారు.

టెన్షన్ పడేది ఇంకోచోట కూడా. బిస్‌పైరిబాక్ నెమ్మది మందు. కలుపు ఎదుగుదల రెండు మూడు రోజుల్లో ఆగినా పసుపెక్కి చావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా వరి కూడా కాస్త పాలిపోయి తేరుకుంటుంది. ఐదో రోజున చేను చూసి, కలుపు చావలేదని ఇంకో మందు తెచ్చి కొట్టేవాళ్లు రెండింతల ఖర్చు పెట్టి వరిని వెనక్కి నెడుతున్నారు.

సరైన దశలో కొట్టాలంటే ముందు ఊదను గుర్తుపట్టాలి. మూడాకుల వయసులో ఊద, వరి పక్కపక్కన ఉంటే ఏళ్ల తరబడి సేద్యం చేసినవాళ్లు కూడా తడబడతారు. మొక్కను పీకి, ఆకు వెనక్కి వంచి, ఆకు కాండాన్ని చుట్టుకునే చోట చూడాలి. వరికి అక్కడ తెల్లటి పలుచని పొర నిలబడి ఉంటుంది, పక్కన సన్నటి వెంట్రుకలతో రెండు చిన్న కొక్కేలు కూడా ఉంటాయి. ఊదకు ఆ చోటు ఖాళీగా, నున్నగా ఉంటుంది. చేలో నాలుగైదు చోట్ల ఇలా చూస్తే, ఏ మందు కొనాలో షాపుకు వెళ్లకముందే తేలిపోతుంది. ఎండ పెరిగేకొద్దీ ఊదదే పైచేయి. వేడిలో, వెలుతురులో గాలి నుంచి ఆహారం తయారు చేసుకునే తీరు దానిది వరి కన్నా చురుకైనది.

బిస్‌పైరిబాక్‌కు ఒక పెద్ద లోటు ఉంది. లెప్టోక్లోవా అనే సన్నగడ్డి దీనికి చావదు. పొడవుగా లేచి, ఊదారంగు తిరిగిన పీచులాంటి కంకి వేస్తుంది. ఏటా ఇదొక్కటే మందు వాడిన చేలల్లో ఊద తగ్గి ఈ గడ్డి రాజ్యమేలడం పంజాబ్, హర్యానాల్లో బాగా కనిపించింది. దానికి సైహలోఫాప్ బ్యూటైల్ గానీ, వరికి రక్షకం కలిపిన ఫెనాక్సాప్రాప్ గానీ కావాలి. ఈ రెండూ గడ్డిజాతినే చంపుతాయి, తుంగను, వెడల్పాకును ముట్టుకోవు. ఒకే దెబ్బకు రెండు పిట్టలని వీటితో 2,4-డి కలిపి కొడితే గడ్డి మీద పట్టు తగ్గిపోతుంది. కనీసం వారం తేడా ఇవ్వాలి. పెనాక్సులం, సైహలోఫాప్ లాగా కంపెనీయే కలిపి అమ్మే జోడీలు వేరే లెక్క. అవి పరీక్షించి కలిపినవి.

మందు ఎంపిక కంటే ఎక్కువ మంది తప్పేది లెక్కలో. షాపులో ‘ట్యాంకుకు 10 ఎంఎల్’ అని చెబుతారు. ఆ మాట వెనుక ఎకరాకు పది ట్యాంకులు అన్న లెక్క ఉంది. ఆరు ట్యాంకులతో పని ముగించిన రైతు ఎకరాకు వేసింది 60 మిల్లీలీటర్లే. పద్నాలుగు కొట్టినతను 140 వేశాడు. మొదటతని చేలో కలుపు వాడి తేరుకుంటుంది, రెండో అతని చేలో వరి ఎర్రబడుతుంది, ఇద్దరూ మందునే తిడతారు. దీనికి అరగంట పని చాలు. ట్యాంకులో ఉత్త నీళ్లు పోసి, రోజూ నడిచే వేగంతోనే ఒక సెంటు భూమి కొట్టి, ఎన్ని నీళ్లు ఖర్చయ్యాయో కొలవాలి. దాన్ని వందతో గుణిస్తే ఎకరా లెక్క. గుంటల్లో లెక్కపెట్టేవాళ్లు గుంట కొట్టి నలభైతో గుణించాలి. గుంటకు నాలుగు లీటర్లు పట్టిందంటే ఎకరాకు 160 లీటర్లు, పదహారు లీటర్ల ట్యాంకులు పది. ఎకరా మందును ఆ పదికి పంచాలి. నాజిల్ కూడా పురుగు మందుకు వాడే గుండ్రటి తుంపర నాజిల్ కాకుండా, విసనకర్రలా పరిచే ఫ్లాట్ ఫ్యాన్ ఉండాలి. నాజిల్‌ను అటూ ఇటూ ఊపుతూ నడిస్తే చేలో చారలు చారలుగా కలుపు మిగులుతుంది.

వెడల్పాకుకు చవకగా దొరికే 2,4-డి గురించి ఒక హెచ్చరిక తప్పదు. పత్తి దానికి విపరీతంగా భయపడే పంట. తెలంగాణలో వరి మడి, పత్తి చేను గట్టు తేడాతో ఉండే ఊళ్లు ఎన్నో. గాలి వీచే వేళ వరిలో కొట్టిన 2,4-డి తుంపర అవతల పడితే పత్తి ఆకులు సన్నబడి వేళ్లలా చీలిపోతాయి. చూసినవాళ్లు వైరస్ అనుకుని ఇంకేవో మందులు కొడతారు. అదే పంపుతో మరుసటి వారం మిర్చికి పురుగు మందు కొట్టినా ఇదే గతి. అడుగున మిగిలిన చుక్కలు చాలు. కలుపు మందుకు వేరే పంపు ఉండటం మేలు, లేదంటే బట్టల సోడా కలిపిన నీళ్లతో ట్యాంకు, పైపు, నాజిల్ అన్నీ పలుమార్లు కడగాలి.

ఇక ఏటా మందు మారుస్తున్నాం కదా అనే ధీమా సంగతి. బిస్‌పైరిబాక్, పైరజోసల్ఫ్యూరాన్, పెనాక్సులం, ఇథాక్సీసల్ఫ్యూరాన్, ట్రైఫామోన్, మెట్‌సల్ఫ్యూరాన్ అన్నీ వేర్వేరు పేర్లు, వేర్వేరు డబ్బాలు. కానీ ఇవన్నీ మొక్కలో కొట్టేది ఒకే చోట. వాలిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాలను తయారుచేసే ఏఎల్‌ఎస్ ఎంజైమ్‌ను ఇవి ఆపుతాయి. ఆ ఒక్క ఎంజైమ్‌లో మార్పు వచ్చిన కలుపు మొక్క వీటిలో చాలావాటికి ఒకేసారి తట్టుకోగలదు. ఇలా మొండికెత్తిన ఊద, తుంగ ప్రపంచంలో చాలా వరి దేశాల్లో ఉన్నాయి, మన దేశంలోనూ బయటపడుతున్నాయి. కాబట్టి ఈ ఏడు పైరజోసల్ఫ్యూరాన్, వచ్చే ఏడు బిస్‌పైరిబాక్ అంటే మార్చినట్టు కాదు. పెండిమిథాలిన్, ప్రెటిలాక్లోర్, సైహలోఫాప్, 2,4-డి వేరే చోట్ల పనిచేసేవి. వాటిని మధ్యలో పెడితేనే మార్పు.

ఈ కోణంలో చూస్తే మందును తట్టుకునే వరి రకాల మీద ఉన్న ఉత్సాహం కొంచెం తగ్గించుకోవాల్సిందే. భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ తెచ్చిన పూసా బాస్మతి 1979, 1985 రకాలు 2021లో విడుదలయ్యాయి. జన్యుమార్పిడి పంటలు కావవి, మ్యుటేషన్ వల్ల వచ్చిన లక్షణాన్ని సంకరంతో ఎక్కించారు. వాటి మీద ఇమాజెథాపైర్ కొట్టినా వరి చావదు. సోయా, వేరుశనగ వేసే రైతులకు ఆ మందు పాత పరిచయమే. అయితే ఇదీ ఏఎల్‌ఎస్ చుట్టమే. ఇప్పటికే ఒత్తిడిలో ఉన్న చోట మరో దెబ్బ అన్నమాట. కొన్ని నేలల్లో ఎక్కువ కాలం నిలిచి తర్వాతి పంటను పట్టుకునే గుణం కూడా దానికుంది.

అంతకన్నా పెద్ద చిక్కు కలుపు వరి. అది వరి జాతిదే. ఎర్ర గింజ, ముందే గింజ రాల్చేసే కంకి ఉన్న మొక్క. వరిని వదిలి దాన్ని చంపే మందు ఉండటానికి వీల్లేదు, రెండూ ఒకటే కనుక. నాట్లలో నారు పీకేటప్పుడు, సాళ్ల మధ్య లేచినప్పుడు అది దొరికిపోయేది. వెదజల్లిన చేలో ఏది మనం చల్లిందో, ఏది దానంతటది మొలిచిందో పోల్చడానికి గుర్తే ఉండదు. మందును తట్టుకునే రకం దీనికి ఉన్న ప్రధాన రసాయన దారి. కానీ పుప్పొడి ద్వారా ఆ లక్షణం కలుపు వరికీ పాకుతుంది. అమెరికాలో ఇలాంటి క్లియర్‌ఫీల్డ్ వరి 2002లో వచ్చింది. ఆర్కాన్సా వంటి రాష్ట్రాల్లో కొన్నేళ్లకే మందుకు లొంగని కలుపు వరి చేలల్లోకి వచ్చేసింది. వరుసగా ఒకే చేలో ఆ రకాలు వేయవద్దని అక్కడ చెప్పేది అందుకే.

మందు భారం తగ్గించే పనులు విత్తక ముందే మొదలవుతాయి. తొలకరి వానకు గానీ, ఒక తడి ఇచ్చి గానీ కలుపును మొలవనిచ్చి, పది పన్నెండు రోజులకు పైపైన గుంటక తోలి తర్వాత విత్తితే మొదటి దఫా కలుపు చేలోకి రాకుండానే పోతుంది. లోతుగా దున్నకూడదు, దున్నితే కింది గింజలు పైకి వస్తాయి. పదును ఎక్కించి విత్తి, మొదటి తడిని మూడు వారాల దాకా ఆపే పద్ధతిని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అక్కడ చెబుతోంది. పైపొర ఆరి ఉంటే కలుపు మొలవదు, వరి వేరు లోతుకు పోతుంది. మన చౌడు నేలల్లో, త్వరగా పదును ఆరిపోయే ఎర్ర చెల్కల్లో దీన్ని అలాగే తెచ్చి పెట్టడం కష్టం. వరితో పాటు జీలుగ చల్లి, పాతిక ముప్పై రోజులకు 2,4-డితో దాన్ని ఎండగొట్టే పద్ధతి ఉంది. ఆ కాసిని రోజులు జీలుగ నీడ కలుపును తొక్కిపెడుతుంది, తర్వాత ఎరువవుతుంది. పక్కన పత్తి ఉన్నచోట దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

వీలుంటే ఉత్తినే చల్లడం కన్నా వరసల్లో వేయాలి. డ్రమ్ సీడర్ వేసే వరసల మధ్య 20 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. మందు తప్పినా, వాన పడి కడిగేసినా, కలుపు తీసే చేతి పరికరం కోనో వీడర్‌ను ఒకవైపైనా నడపొచ్చు. చల్లిన చేలో ఆ రెండో అవకాశం లేదు. మనిషి దిగి కలుపు తీయాలన్నా కాలు పెట్టిన చోటల్లా వరి తొక్కాల్సిందే.

ఇన్ని చేశాక కూడా అక్కడక్కడా ఊద తల ఎత్తుతుంది. కంకి దశలో దానికి మందు లేదు, కోసి పారేయడమే. ఊద వరి కన్నా ముందు పండి, మన కోతకు ముందే గింజ రాల్చేస్తుంది, ఒక్కో మొక్కకు వేలల్లో. కంకి పాలు పోసుకునేలోపే కోసి చేను బయటికి తీసుకుపోవాలి, గట్టు మీద పడేస్తే అక్కడే పండి మళ్లీ మడిలోకే వస్తుంది. కోత మిషన్ వచ్చిన రోజు కూడా గట్టు దాటకముందే ఆపి, పక్క ఊరి చేను నుంచి మోసుకొచ్చిన గింజలు, పొట్టు దులిపించాలి. డ్రైవర్ విసుక్కుంటాడు. విసుక్కున్నా దులిపించాకే మడిలోకి దించాలి.